దూర ప్రయాణం: ఆగవలసిన చోట్లు



పరీక్షలు అయిపోయి బడులకు సెలవులిచ్చి, చేలో పని కాస్త తెరిపిచ్చిందంటే చాలు, మన ఊళ్లలో దూర ప్రయాణాల మాట మొదలవుతుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక తుఫాన్ బండో, టెంపో ట్రావెలరో మాట్లాడుకుంటారు. నాయనమ్మ మొదలు చంకలో బిడ్డ వరకు పది పన్నెండు మంది ఎక్కుతారు. రాత్రి భోజనాలు కానిచ్చి, ప్రార్థన చేసుకొని తొమ్మిదింటికి బయలుదేరితే తెల్లారేసరికి ఊరు చేరతామన్నది అందరూ వేసే లెక్క. లాడ్జి ఖర్చు మిగులుతుంది, ఎండ తగలదు, పిల్లలు నిద్రపోతారు అంటారు. ఈ నెల ఆ లెక్కను గురించే మీతో మాట్లాడాలని మా ఆశ.

ఆ లెక్కలో మనం ఒక మనిషిని మరిచిపోతున్నాం. అతడు డ్రైవరు. పగలంతా వేరే కిరాయి తోలి, సాయంత్రం ఇంత తిని, రాత్రికి మన బండి ఎక్కుతాడు. మనం ప్రార్థన చేసుకొని నిద్రపోతాం. అతడు మేలుకొని ఉండాలి. రాత్రి రెండింటి నుంచి ఆరింటి వరకు మనిషి శరీరం ఎంత వద్దన్నా నిద్రనే కోరుతుంది. టీ తాగినా, ముఖం కడుక్కున్నా అది కాసేపే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. డ్రైవరుకు నాలుగు సెకన్లు కునుకు పడితే దాదాపు 90 మీటర్లు ఆ బండిని నడిపేవాడే ఉండడు. ముందు ఆగి ఉన్న లారీకి ఆ దూరం చాలు.

ప్రార్థన చేసుకొని బయలుదేరటం మంచిదే. అయితే డ్రైవరు నిద్ర సంగతి మనం చూడవలసిన పని. అది చేయకుండా దేవునిమీద భారం వేశామనటం సరి కాదు. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో వచ్చిన చట్టం రోజుకు 8 గంటల పని అని, అయిదు గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. మన ఇంటి ప్రయాణానికి కూడా ఆ కొలత పెట్టుకోవచ్చు.

ఆదికాండములో యాకోబు ఏశావును కలుసుకున్న సంగతి మీరందరు ఎరిగినదే. తనతో కలిసి ప్రయాణం చేయమని అన్న పిలిచాడు. యాకోబు మర్యాదగా వద్దన్నాడు. పిల్లలు పసివారని, పాలిచ్చే పశువులున్నాయని, ఒక్కరోజు తరిమి తోలినా మంద చచ్చిపోతుందని చెప్పాడు. అన్నను ముందు పొమ్మని, తాను వాటి నడకకు తగ్గట్టు వెనుక వస్తానన్నాడు. కుటుంబ ప్రయాణానికి ఇంతకంటె మంచి సూత్రం మాకు తెలియదు. బండిలో అందరికంటె బలహీనులెవరో చూచుకొని, వారి ఓపికను బట్టి ఆ రోజు దూరం నిర్ణయించుకోవాలి.

ఆ బలహీనులెవరు? మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ. బండి కదిలితే వాంతులు చేసుకునే పిల్లవాడు. షుగరు మాత్రలు వేళకు పడవలసిన పెదనాన్న. ఇంకొకరు కూడా ఉన్నారు. మామగారు, బావగారు ముందు సీటులో కూర్చొని ఉంటే, బండి ఆపమని అడగటానికి సిగ్గుపడే కోడలు. ఆమె ఏం చేస్తుందో మన ఇళ్లలోని స్త్రీలను అడగండి. బయలుదేరే ముందు నుంచే మంచినీళ్లు తాగటం మానుకుంటుంది. మే నెల ఎండలో పది గంటలు నీళ్లు తాగకపోతే తలనొప్పి, కళ్లు తిరగటం, మూత్రంలో మంట తప్పవు. ఈ బాధ తీర్చటం కష్టం కాదు. ఎవరూ అడగకముందే రెండు గంటలకొకసారి బండి ఆగుతుందని ముందే అందరికి చెప్పండి. అప్పుడు ఆమె అడగనక్కరలేదు, దాహం చంపుకోనక్కరలేదు. పెట్రోలు బంకులలో మరుగుదొడ్డి, తాగే నీళ్లు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. మొగమాటపడకుండా అడగండి.

ఆగే చోట్లు ఎంచుకొనుట

ఆగటం వేళను పాడుచేయటమని చాలామంది అనుకుంటారు. కాని సంఖ్యాకాండము 33వ అధ్యాయం తీసి చూడండి. ఇశ్రాయేలీయులు దిగిన మజిలీలన్నీ ఒక్కొక్కటిగా మోషే వ్రాసిపెట్టాడు. ఏలీములో పన్నెండు నీటి ఊటలు, డెబ్బది ఈత చెట్లు ఉన్నాయని కూడా వ్రాశాడు. ఎక్కడ నీళ్లు దొరికాయో, ఎక్కడ నీడ దొరికిందో అన్నది ఆ ప్రయాణపు చరిత్రలో భాగమే.

మనం కూడా బయలుదేరక వారం ముందు ఒక కాగితం తీసుకొని మజిలీలు వ్రాసుకోవాలి. దీనికి నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. మొదటిది, రోజుకు 300 నుంచి 350 కిలోమీటర్లకు మించవద్దు. రెండవది, తెల్లవారి అయిదింటికి బయలుదేరి, చీకటి పడకముందు బస చేరాలి. మూడవది, రోజుకు ఒక్క పెద్ద మజిలీ మాత్రమే పెట్టుకోవాలి, అది కూడా దారిలోనే ఉండాలి. ఒక్క గంట చూచేదానికి నూరు కిలోమీటర్లు పక్కకు తిరగవద్దు. నాలుగవది, ఆ మజిలీలో ఏమి చూడబోతున్నామో పిల్లలకు ముందు రాత్రే చెప్పాలి. కథ తెలిసిన బిడ్డకు పాత గోడ కూడా మాట్లాడుతుంది. తెలియని బిడ్డ ఐస్‌క్రీము ఎప్పుడని అడుగుతాడు.

మాట వరుసకు ఒక దారి

మాటలతో చెబితే చాలదు గనుక ఒక దారి వేసి చూపుతాము. బెజవాడ నుంచి తంజావూరు వరకు పోయి రావటానికి ఒక వారం. మన సంఘాల చరిత్రతో సంబంధమున్న చోట్లు ఈ దారిలో చాలా ఉన్నాయి.

సోమవారం తెల్లవారి బయలుదేరి గుంటూరు, చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వైపు వెళ్లాలి. గుంటూరు దాటుతున్నప్పుడు, లూథరన్ మిషనెరీ హయ్యరు దొర 1842లో ఆ ఊరు వచ్చాడని పిల్లలకు చెప్పవచ్చు. ఒంగోలుకు కొంచెం ముందు జాతీయ రహదారి గుండ్లకమ్మను దాటుతుంది. ఆ నది దగ్గరనే 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మము పొందారు. వంతెనమీద బండి ఆపవద్దు, అది ప్రమాదం. దాటిన తరువాత పక్కన చోటు చూచుకొని ఆగండి.

ఆ సంఖ్య వెనుక ఉన్న కథ పిల్లలకు తప్పక చెప్పాలి. 1876 నుంచి 1878 వరకు ఈ నేలమీద పెద్ద కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి పని ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ కరువు రోజులలో బాప్తిస్మములు ఇవ్వటం ఆపాడు. కాలువ త్రవ్విన ఆ కూలీల మనుమలు, మునిమనుమలు ఈనాడు మన సంఘాలలో ఎందరో ఉన్నారు.

ఒంగోలు ఊరిలోనే ప్రార్థన కొండ ఉన్నది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు ఆ కొండ ఎక్కి ప్రార్థన చేశారు. జూయెట్ దొర, దొరసాని, వారితో కూడ జూలియమ్మ, రూతమ్మ, క్రిస్టియన్ నర్సు. అంతకు ముందటి సంవత్సరమే, ఫలితం లేని ఈ తెలుగు మిషనును మూసివేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ అయిదుగురు నెల్లూరు నుంచి ప్రయాణమై వచ్చినవారు. దారిలో ఆగిన ఒక చోట చేసిన ప్రార్థనను మన పెద్దలు ఈనాటికి చెప్పుకుంటున్నారు. ఎండెక్కకముందే కొండ ఎక్కి దిగి, నీడలో ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తినవచ్చు. మధ్యాహ్నం మూడు గంటల వరకు విశ్రాంతి తీసుకొని నెల్లూరు చేరితే ఆ రోజుకు దాదాపు 275 కిలోమీటర్లు అవుతుంది. అంతే చాలు.

మంగళవారం నెల్లూరు నుంచి పుదుచ్చేరి. ఇది కాస్త పెద్ద రోజు, సుమారు 330 కిలోమీటర్లు. దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం, సూళ్లూరుపేట దగ్గర పులికాటు సరస్సు వస్తాయి. చలికాలంలోనైతే గూడబాతులను, ఫ్లెమింగోలను చూచి పిల్లలు ఆనందిస్తారు. మే నెలలోనైతే ఆగవద్దు, వచ్చిన పక్షులు అప్పటికి వెళ్లిపోతాయి. ఏ కాలంలో ఏది ఉంటుందో తెలుసుకొని మజిలీ పెట్టుకోవటమంటే ఇదే.

చెన్నపట్నం ఊరిలోకి పోకుండా బయటి రోడ్డు మీదుగా దాటిపోవాలని మా సలహా. అక్కడ చూడవలసినవి లేక కాదు. వాటికి రెండు రోజులు కావాలి. దారిలో గంటసేపు చూడటానికి మహాబలిపురం మేలు. సుమారు 1,300 ఏండ్ల క్రితం పల్లవ రాజుల కాలంలో రాతిని తొలిచి చేసిన పని అది. బండరాళ్ల మధ్య పిల్లలు పరుగెత్తవచ్చు, నాయనమ్మ గడ్డిమీద కూర్చోవచ్చు. రాత్రికి పుదుచ్చేరి. మన యానాం ఆ ప్రభుత్వం కిందిదేనని పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు. సాయంత్రం సముద్రపు ఒడ్డు రోడ్డుమీదికి బండ్లను రానివ్వరు గనుక, ముసలివారు, పిల్లలు నిర్భయంగా నడవవచ్చు.

బుధవారం చిదంబరం మీదుగా తరంగంబాడి. సుమారు 120 కిలోమీటర్లే. పెద్ద రోజు తరువాత చిన్న రోజు రావాలి. మధ్యాహ్నానికి ముందే చేరి, డ్రైవరుకు కూడా ఆ పూట సెలవు ఇవ్వండి. 1620లో తంజావూరు పాలకుడైన రఘునాథ నాయకుని అనుమతితో డెన్మార్కువారు ఇక్కడ కోట కట్టారు. ఆ రఘునాథ నాయకుడు తెలుగువాడు, తెలుగులో కావ్యాలు వ్రాసినవాడు. కోట సముద్రపు ఒడ్డున ఈనాటికి ఉన్నది. 1706 జూలై 9న సీగెన్‌బాల్గు, ప్లూచౌ అను ఇద్దరు జర్మను యువకులు ఇక్కడ ఓడ దిగారు. మన దేశానికి వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనెరీలు వారే. సీగెన్‌బాల్గుకు అప్పటికి నిండా 25 ఏండ్లు లేవు. ఇసుకలో పిల్లలతోపాటు కూర్చొని తమిళ అక్షరాలు దిద్దాడని చెబుతారు. తొమ్మిదేండ్లకు, అంటే 1715 నాటికి, తమిళ క్రొత్త నిబంధన అచ్చయింది. 1718లో కట్టిన క్రొత్త యెరూషలేము గుడిలోనే 1719లో అతన్ని సమాధి చేశారు.

తరంగంబాడికి మన భాషతో కూడా సంబంధమున్నది. 1719లో ఇక్కడికి వచ్చిన బెంజమిను షుల్జ్ దొర తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకొని బైబిలును తెలుగు చేశాడు. ఆ అనువాదం అతని కాలంలో అచ్చుకాలేదు. అయితే జర్మనీలోని హాలె పట్టణంలో 1746, 1747 సంవత్సరాలలో తెలుగు చిన్న పుస్తకాలను అచ్చు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవేనంటారు. మన చేతిలో ఉన్న తెలుగు పుస్తకం ఎంత దూరం నుంచి మనదాకా వచ్చిందో ఆ సముద్రాన్ని చూస్తూ చెప్పండి. పిల్లల్ని మాత్రం నీళ్లలోకి ఒంటరిగా వదలవద్దు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ ఊరిని ఎంతో దుఃఖపెట్టింది.

గురువారం తంజావూరు, సుమారు 100 కిలోమీటర్లు. శివగంగ తోటలో 1779లో కట్టిన ష్వార్జు దొర గుడి ఉన్నది. ఆయన 1750లో ఈ దేశానికి వచ్చి 1798లో తంజావూరులోనే కన్నుమూశాడు. యువరాజు శరభోజిని తండ్రివలె కాపాడి చదివించాడు. ఆ శరభోజి రాజయిన తరువాత, చావు పడకమీద ఉన్న గురువును తాను చూడవచ్చిన దృశ్యాన్ని ఇంగ్లండులో పాలరాతిమీద చెక్కించి ఆ గుడిలో పెట్టించాడు. క్రైస్తవుడు కాని ఒక రాజు క్రైస్తవ గురువును ఎంతగా ప్రేమించాడో ఆ రాయి చెబుతుంది. పక్కమీద గురువు, చెంత రాజు. పిల్లలకు అది ఒక్కటి చూపితే చాలు. వేళ ఉంటే శరభోజి పెంచిన సరస్వతీ మహలు గ్రంథాలయం చూడండి. అక్కడ తెలుగు తాళపత్ర గ్రంథాలు చాలా ఉన్నాయి.

శుక్రవారం తిరుగు ప్రయాణం, చెంగల్పట్టులో బస. శనివారం ఒంగోలు చేరాలి. తిరుగు ప్రయాణంలోనే జనం తొందరపడతారు. చూడవలసింది అయిపోయింది, ఇంక ఒక్క ఊపున ఇంటికి పోదామంటారు. డ్రైవరు బాగా అలసిపోయేది కూడా అప్పుడే. గనుక ఆదివారం ఉదయం ఒంగోలులోని జూయెట్ స్మారక గుడిలో మన భాషలో ఆరాధన చేసుకొని, భోజనాలయ్యాక మెల్లగా ఇల్లు చేరండి. మిగిలింది 145 కిలోమీటర్లే.

బయలుదేరక ముందు

బండి మాట్లాడుకునేటప్పుడు పసుపు బోర్డు ఉన్న ట్యాక్సీనే మాట్లాడండి. సొంత వాడకపు తెల్ల బోర్డు కారును కిరాయికి తిప్పటానికి చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర చిక్కులు వస్తాయి. తమిళనాడులో ప్రవేశానికి పర్మిట్, ఫాస్టాగ్‌లో డబ్బు, స్టెప్నీ టైరు ఉన్నాయా అని యజమానిని ముందే అడగండి. కిలోమీటరుకు ఎంత, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్ల లెక్క, టోల్ గేట్లు ఎవరివి, డ్రైవరు బత్తా ఎంత అన్నది ఒక కాగితంమీద వ్రాసుకుంటే తరువాత మాట తేడాలు రావు. సీట్లు ఎన్ని ఉన్నాయో అంతమందే ఎక్కండి.

మందులు బండి పైన కట్టే పెట్టెలో పెట్టవద్దు, చేతి సంచిలో ఉండాలి. వాంతులు చేసుకునే పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి, తేలిక తిండి పెట్టి, దూరంగా బయటికి చూడమని చెప్పండి. కాళ్లు వాచే పెద్దలను ఆగిన ప్రతిచోట నాలుగడుగులు నడిపించండి. 108 అంబులెన్సు, 112 అత్యవసర సహాయం, 1033 జాతీయ రహదారి సహాయం, ఈ మూడు నంబర్లు ఒక అట్టమీద పెద్దగా వ్రాసి బండిలో అంటించండి. సెల్‌ఫోను చూడటం చేతకాని నాయనమ్మ కూడా పక్కవారిని ఆ నంబరుకు ఫోను చేయమని అడగగలగాలి.

చివరగా డ్రైవరు సంగతి మరొకసారి. మనం లాడ్జిలో ఫ్యాను కింద పడుకుంటే, అతడు దోమల మధ్య బండి సీటులో ముడుచుకొని పడుకుంటాడు. తెల్లవారి మన ప్రాణాలన్నీ అతని చేతిలో పెడతాం. అతనికి ఒక మంచం, ఒక దుప్పటి, మనం తినే భోజనమే ఇవ్వటం ధర్మంగా చూచినా న్యాయమే, మన క్షేమం కోసం చూచినా న్యాయమే. అతని ఖర్చు కూడా ప్రయాణపు లెక్కలో మొదటి వరుసలోనే వ్రాయండి. వారానికి డబ్బు సరిపోకపోతే రోజులు తగ్గించి దగ్గరి ఊరు ఎంచుకోండి. ఒంగోలు వరకు పోయి కొండ ఎక్కి వచ్చినా మంచి ప్రయాణమే. అతని నిద్రను మాత్రం తగ్గించవద్దు.

ఈ సెలవులకు ఎక్కడికి వెళ్తున్నారో, దారిలో ఎక్కడ ఆగుతారో ఈ వారమే కుటుంబమంతా కూర్చొని వ్రాసుకోండి. ముందుగా నాయనమ్మను అడగండి, తరువాత కోడలిని, తరువాత పిల్లలను. ముందు సీటులో కూర్చునేవారు చివరన మాట్లాడితే చాలు. మీరందరు క్షేమంగా వెళ్లి, క్షేమంగా ఇల్లు చేరాలని మా ప్రార్థన.